బోనో పుస్తకం పావుగంటలో ఎలా చెప్పాలి?

ప్రశ్న (విల్లివాక్కం)
మా వీధిలో నెలకోసారి పదిమంది తెలుగువాళ్లం మేడ మీద చేరతాం. వంతు వచ్చినవాళ్లు తాము చదివిన పుస్తకం గురించి చెప్పాలి. ఈసారి నాది. ఐర్లండ్ రాక్ బ్యాండు యూటూ గాయకుడు బోనో 2022లో రాసిన ‘సరెండర్’ చెబుతానని ఒప్పుకుని ఇరుక్కుపోయాను. వచ్చేవాళ్లలో సగం మంది రిటైరైనవాళ్లు, ఘంటసాలతోనే పాట అయిపోయిందనే రకం. పుస్తకమేమో 40 అధ్యాయాలు, ఒక్కోదానికి ఒక్కో పాట పేరు. 2016లో జరిగిన గుండె ఆపరేషన్‌తో మొదలవుతుంది. నేనూ అక్కడే అందుకోనా? లేక 1976లో బడి నోటీసు బోర్డు మీది కాగితం చూసి బ్యాండు కట్టిన దగ్గర్నుంచా?

జవాబు (తాంబరం)
ఆపరేషన్ వద్దండీ. ఆ వయసువాళ్ల ముందు గుండె మాట ఎత్తితే పావుగంటా వాళ్ల రిపోర్టులతోనే సరిపోతుంది. మన రెహమాన్‌తో మొదలుపెట్టండి. 2019లో యూటూతో కలిసి ‘అహింస’ పాట చేశారు కదా, అందులో తిరుక్కురళ్ ఉంది, ఆయన కూతుళ్లు పాడారు. బోనో పేరు సంగతి కూడా చెప్పండి, నవ్వుతారు. అసలు పేరు పాల్ హ్యూసన్. డబ్లిన్‌లో చెవిటి మిషన్లు అమ్మే ‘బోనావాక్స్’ అనే కొట్టు ఉండేది. స్నేహితులు ఆ పేరే తగిలించారు!

జవాబు (అన్నానగర్)
రెహమాన్ పేరెత్తితే కబుర్లన్నీ అటే పోతాయి. బోనో వాళ్లమ్మ దగ్గర మొదలుపెట్టు బాబూ. 1974లో సొంత తండ్రి అంత్యక్రియల దగ్గరే ఆవిడ కుప్పకూలింది. మెదడులో రక్తనాళం చిట్లిందట. కొద్దిరోజులకే పోయింది. పిల్లాడికి 14 ఏళ్లు. ఆ తర్వాత ఇంట్లో తండ్రి, అన్న, తను, ముగ్గురూ మగాళ్లే. ఆవిడ ఊసు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. అన్న విమానాశ్రయంలో పనిచేస్తూ విమానాల్లో పెట్టే భోజనం ట్రేలు ఇంటికి తెచ్చేవాడు. వంట మానేసి అవే తినేవాళ్లు. నాకు పుస్తకమంతా అక్కడే ఉంది. రెండో సగంలో అధ్యక్షులూ ప్రధానులూ వరస కడతారు. ఆఫ్రికా దేశాల అప్పుల రద్దు కోసం తిరిగాడు, మంచి పనే, కానీ చదవడానికి బరువు. రెండు ముక్కల్లో దాటేయి.

ప్రశ్న అడిగినవారు
నిజానికి ఆ ట్రేల దగ్గరే నేను పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చాను సార్. అమ్మ పోయాక మాకు మెస్ నుంచి క్యారియర్ వచ్చేది. నాలుగు గిన్నెలు. నాన్న రోజూ రసం గిన్నె మూత తీసి, వాసన చూసి, మళ్లీ పెట్టేసేవారు. ఎందుకో నాకు తెలుసు, నేనూ అడిగేవాణ్ని కాదు. టీవీ చూస్తూ తినేసేవాళ్లం.
ట్రేలతోనే మొదలుపెడతాను. నాన్న కూడా వస్తారు, ముందు వరసలో కూర్చుంటారు. అదొక్కటే టెన్షన్.