పక్కపక్క రాతి గుంటల్లో నాచు వేరువేరుగా ఎందుకు ఉంటుంది?

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని, తిరుపతి):
నమస్కారం. వృక్షశాస్త్ర విజ్ఞాన యాత్రలో భాగంగా విశాఖపట్నం వెళ్లినప్పుడు, ఆటు సమయంలో రాళ్ల మధ్య నీరు నిలిచిన రెండు గుంటలను చూశాను. ఒకదానిలో సన్నని గొట్టాల వంటి పచ్చని నాచు నిండుగా ఉండగా, బారెడు దూరంలోని రెండవదానిలో గట్టి ఎర్ర నాచు కుదుళ్లు, వాటి చుట్టూ నత్తలు మాత్రమే కనిపించాయి. సముద్రం ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకు వస్తుంది?

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు, చిత్తూరు):
అమ్మా, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. అమెరికా ఈశాన్య తీరంలో జేన్ లుబ్చెంకో అనే సముద్ర జీవావరణ శాస్త్రవేత్త ఇదే విషయాన్ని పరిశీలించి 1978లో ప్రచురించారు. ఎర్ర నాచు గుంటలోని నత్తలను ఏరివేయగా పచ్చ నాచు త్వరగా అలుముకుంది. పచ్చ నాచు గుంటలో నత్తలను వదలగా అది తరిగిపోయింది. నత్త తన గరుకు నాలుకతో లేత పచ్చ నాచును ఇష్టంగా గీకి తింటుంది, ముదురు ఎర్ర నాచును అంతగా ముట్టదు. మన ఊళ్లలో పశువులు మేసిన బీడులో తంగేడు మిగిలినట్లే ఇదీ.

జవాబు (పరిశోధక విద్యార్థి, తిరుపతి):
సార్ చెప్పినదానికి ఒక ముఖ్యమైన విషయం చేర్చాలి. లుబ్చెంకో చూసిన గుంటల్లో నత్తల సంఖ్య మధ్యస్థంగా ఉన్నచోటే ఎక్కువ రకాల నాచు పెరిగింది, ఎందుకంటే నీటిలో మిగతావాటిని అణచివేసే పచ్చ నాచునే నత్తలు అదుపు చేస్తాయి. అయితే ఆటులో గాలికి బయటపడే రాతిపై పచ్చ నాచుకు ఆ పైచేయి లేదు. అక్కడ నత్తలు మేయడం పెరిగితే నాచు రకాలు తగ్గుతాయి. అంటే అదే నత్త, అదే ఆకలి, కానీ తావు మారితే ఫలితం తలకిందులవుతుంది. నాకు ఈ పరిశోధనలో అన్నింటికంటే విలువైనదిగా తోచేది ఇదే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి ఒక గుంటలోనే నత్తలు ఎందుకు తక్కువగా ఉంటాయి?

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు, చిత్తూరు):
లుబ్చెంకో చూసినచోట పచ్చ నాచు చాటున పీతలు దాగి పిల్ల నత్తలను తింటాయి. చాటు లేని గుంటలో ఆ పీతలనే సముద్రపు పక్షులు ఎత్తుకుపోతాయి. కాబట్టి ఒకసారి ఏర్పడిన నాచు తనకు అనుకూలమైన పరిస్థితిని తానే నిలుపుకుంటుంది. విశాఖలోని జాతులు వేరు గనుక ఇదే కారణమని ఇప్పుడే తీర్మానించవద్దు. ఈసారి వెళ్లినప్పుడు జానెడు చదరంలో నత్తలను లెక్కించి, నాచు పాయలను విడదీసి పీతలున్నాయేమో చూసి, గుంటల లోతునూ నీటి వేడినీ కూడా రాసుకోండి. లోతు తక్కువైన గుంట ఎండకు త్వరగా కాగుతుంది.