18 షాపుల కాంప్లెక్స్ లెక్కలు పుస్తకం నుంచి ఫోన్‌లోకి ఎలా మార్చాలి?

నమస్కారమండి. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మా మావయ్యగారి కాంప్లెక్స్ నేనే చూసుకుంటున్నాను. 18 షాపులు. లెక్కలన్నీ ఇప్పటికీ పుస్తకంలోనే.

అద్దెతో పెద్ద ఇబ్బంది లేదు, 18 శాతం జీఎస్టీతో బిల్లు రాసిచ్చేస్తాను. గొడవంతా కరెంటు, జనరేటరు దగ్గరే. ప్రతి నెలా షాపు షాపుకీ తిరిగి సబ్ మీటర్ రీడింగు రాసుకుంటాను. లిఫ్టు, మెట్ల లైట్లు, నీళ్ల మోటారు ఖర్చు అందరికీ పంచాలి. చిన్న కొట్టుకీ, మూడు ఏసీలున్న షోరూముకీ సమానంగా వేస్తే అన్యాయం కదా. 2018లో తిత్లీ తుపానప్పుడు డీజిల్ వాటా తేలక, పదేళ్లుగా ఉన్న టైలరుగారు మనసు నొచ్చుకుని ఖాళీ చేసి వెళ్లిపోయారు. తప్పు మా లెక్కదే. అది నాకింకా బాధే.

ఎక్సెల్‌లో మొదలుపెట్టాను, కానీ బిల్లు ఎలా వచ్చిందో అద్దెదారులకి కనబడటం లేదు. మీటరు ఫొటోతో సహా తెలుగు బిల్లు వాట్సాప్‌కి వెళ్లే యాప్ ఎవరైనా వాడుతున్నారా? ప్రీపెయిడ్ సబ్ మీటర్లు పెట్టించినవాళ్లుంటే ఖర్చెంతయింది, పాత అద్దెదారులను ఎలా ఒప్పించారు? ఉమ్మడి ఖర్చు చదరపు అడుగుల లెక్కన పంచాలా, వాడిన యూనిట్లను బట్టా? దయచేసి మీ అనుభవం చెప్పండి.