సిగరెట్ మానేశా, వేప్ మాత్రం వదలట్లేదు. మానినవాళ్లు చెప్పండి

మారతహళ్లి_నెల్లూరు:
అందరికీ నమస్తే. నాకు 34, ఐటీ ఉద్యోగం. సిగరెట్ మానడానికని వేప్, అంటే ఈ-సిగరెట్, పట్టుకున్నా. సిగరెట్ పోయింది, ఇది పోవట్లేదు. సిగరెట్ కావాలంటే ఆఫీసు కిందకి దిగి టీ కొట్టు దాకా వెళ్లాలి. ఇది జేబులోనే ఉంటుంది. కాల్‌లో కెమెరా ఆపి ఒక పఫ్, బాత్రూంలో ఒక పఫ్. పొద్దున మెలకువ రాగానే చెయ్యి దిండు కిందకే పోతుంది. ఆపిన రెండో రోజుకల్లా ఇంట్లో అరుపులు. మా ఆవిడే "ముందు అది కొట్టి రండి" అనే దాకా వచ్చింది. తనకి ఇప్పుడు ఏడో నెల. బిడ్డ పుట్టేలోపు మానాలి. మీకు ఏది పనిచేసింది? హెల్ప్‌లైన్‌కి చేస్తే, మన దేశంలో వేప్ బ్యాన్ కదా, ఇబ్బందేమైనా ఉంటుందా?

కర్నూలు_ఫార్మసిస్ట్:
తమ్ముడూ, నేను బెంగళూరు బీటీఎంలో మందుల షాపులో పనిచేస్తాను. మీరు రాసినదాంట్లో అసలు సంగతి ఆ దిండు కింద చెయ్యి. లేచిన అరగంటలోపే కావాల్సొస్తోందంటే ఒళ్లు నికోటిన్‌కి బాగా అలవాటు పడిందని లెక్క. మీకు పట్టుదల లేక కాదు. వాడి పారేసే డిస్పోజబుల్ వేప్‌లలో ఎక్కువగా ఉండేది నికోటిన్ సాల్ట్ అనే రకం. గొంతు పెద్దగా మండదు కాబట్టి ఎంత పీల్చామో తెలియదు. సిగరెట్ అయితే ఒకటి కాలిపోగానే ఆగుతుంది, దీనికి ఆ హద్దు కూడా లేదు.

నికోటిన్ గమ్ పని చెయ్యలేదని చాలామంది నా దగ్గరికి వస్తారు. ఎలా నమిలారని అడిగితే మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలామంటారు. అలా కాదు. మెల్లిగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఒక గమ్ అరగంట వస్తుంది. దర్శిని హోటల్లో కాఫీ తాగుతూ వేసుకుంటే దండగే. కాఫీ, కూల్‌డ్రింక్ లాంటివి పావుగంట ముందు నుంచే ఆపాలి, లేకపోతే నికోటిన్ ఒంటికి సరిగా ఎక్కదు. మీలాంటివాళ్లకి 2 మి.గ్రా. చాలకపోవచ్చు, 4 మి.గ్రా. గమ్ సంగతి డాక్టర్ని అడగండి. గుండె జబ్బు, బీపీ ఉంటే ముందే చెప్పండి.

నికోటిన్ కోరిక తగ్గించే వరెనిక్లిన్ అనే మాత్ర మాట కూడా డాక్టర్ దగ్గర ఎత్తండి. రోజూ వేప్ కొట్టే పెద్దవాళ్ల మీద ఇటలీలో చేసిన పరీక్ష 2023లో వచ్చింది. కౌన్సెలింగ్ అందరికీ ఇచ్చారు. 4 నుంచి 12 వారాల మధ్య పూర్తిగా మానేసినవాళ్లు, ఈ మాత్ర వేసుకున్నవాళ్లలో 40 శాతం, డమ్మీ మాత్రవాళ్లలో 20 శాతం. మందుతో కూడా సగానికి పైగా మానలేకపోయారు, కాబట్టి ఒకసారి తప్పితే కుంగిపోకండి.

అనంతపురం_ఎలక్ట్రానిక్‌సిటీ:
అన్నా, నా విషయంలో తేడా తెచ్చింది మనుషులు. రూమ్మేట్ పక్క మంచం మీద పొగ వదులుతుంటే ఏ గమ్మూ ఆపలేదు. వాడూ మానతానన్నాకే నాకు కుదిరింది. ఆఫీసులో మీతో కలిసి కొట్టేవాళ్లెవరో, వాళ్లకి ముందే చెప్పేయండి.

వేప్‌లో నికోటిన్ శాతం తగ్గించుకుంటూ వద్దామనుకోవద్దు. ఇక్కడ దొరికేదంతా దొంగ సరుకు, పైన రాసింది లోపల ఉందని నమ్మకం లేదు. చిరాకు మొదటి రెండు మూడు రోజులే గట్టిగా ఉంటుంది, తర్వాత కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. మీ ఆవిడకి ఈ లెక్క ముందే చెప్పండి. దిగులు, నిద్ర పట్టకపోవడం ముందు నుంచీ ఉంటే కౌన్సెలర్‌తో అదీ చెప్పాలి, దాన్ని వదిలేసి దీన్ని మానడం చాలా కష్టం. తట్టుకోలేక సిగరెట్‌కి మాత్రం తిరిగి వెళ్లొద్దు, దయచేసి.

ఫోన్ చెయ్యడానికి భయమొద్దు. ఈ-సిగరెట్లని నిషేధించిన 2019 చట్టంలో శిక్షలు తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనల లాంటివాటికి, వాడకానికి కాదు. పొగాకు మాన్పించే హెల్ప్‌లైన్, క్విట్‌లైన్ 1800-11-2356, ఉచితం. హోసూరు రోడ్డు నిమ్హాన్స్ మానసిక వైద్య ఆసుపత్రిలో కూడా దాని కేంద్రం ఉంది. అక్కడే వ్యసనాల చికిత్స విభాగమూ ఉంది, నేరుగా వెళ్లొచ్చు.

మారతహళ్లి_నెల్లూరు:
అక్కా, తమ్ముడూ, చాలా థాంక్స్. సోమవారం ఫోన్ చేస్తా. ఒక్క సందేహం: రాత్రి అమెరికా కాల్స్‌లోనే చెయ్యి ఎక్కువ లాగుతుంది. మాట్లాడుతూ గమ్ నమలడం ఎలా?

కర్నూలు_ఫార్మసిస్ట్:
కోరిక పుట్టాక కాదు, కాల్‌కి పది నిమిషాల ముందే వేసుకోండి. ఇబ్బందైతే నికోటిన్ లోజెంజ్ ఉంది, బుగ్గన పెట్టుకుంటే మెల్లిగా కరుగుతుంది, నమలక్కర్లేదు. వేప్ మాత్రం ఆ గదిలోనే ఉండకూడదు.