‘ఆరు’: అంకె, నది, ఆరడం. మీ ఊరి మాట కావాలి

తమిళంలో ‘ఆఱు’ అంటే అంకె, నది కూడా. తిరువైయారు అంటే అయిదు నదుల ఊరు. మనకు అంకె ఆరే, నది మాత్రం ఏరు. పాత తమిళంలో నది ‘యాఱు’. ఆ ‘యా’ మన దగ్గర ‘ఏ’ అయింది: యానై ఏనుగు, యాండు ఏడు (సంవత్సరం) అయినట్టే. అంకె సంగతి వేరు. మన భాషకు చుట్టమైన గోండీలో అది ‘సారుంగ్’, మొదటి సకారం మన వైపు రాలిపోయింది. కాబట్టి నదికీ అంకెకీ చుట్టరికం లేదు.

నాకు చిక్కు ‘ఆరడం’ అనే క్రియ దగ్గరే: ఈ అర్థాలన్నీ ఒకే ధాతువువా, దీనికీ అంకెలాగే మొదట సకారం ఉండేదా? మనకు బట్టలు ఆరతాయి, దీపం ఆరుతుంది. కన్నడంలోనూ దీపం ఆరుతుంది. తమిళంలో కాఫీ ఆరుతుంది (చల్లబడుతుంది), పుండు ఆరుతుంది (మానుతుంది). మన ‘చల్లారు’లో, పులిహోరకి అన్నం ఆరబెట్టడంలో ఆ చల్లదనం ఇంకా ఉంది.

చిత్తూరు, నెల్లూరు వైపు వాళ్లూ, తమిళనాడు తెలుగువాళ్లూ చెప్పండి: ‘చల్ల’ లేకుండా ఉత్తినే ‘కాఫీ ఆరింది’ అంటారా? పాలారు నదిని కుప్పం పల్లెల్లో పాలారు అంటారా, పాలేరు అంటారా? గోండీ, కొలామీ, కువి గిరిజన భాషలు తెలిసినవాళ్లు ‘తడి ఆరడం’కి మాట ఇవ్వండి, మొదట్లో సకారం ఉందో లేదో ముఖ్యం.

విడి మాట కాకుండా ఇంట్లో అనే పూర్తి వాక్యం, ఊరు, మాట్లాడేవాళ్ల వయసు రాయండి. నిఘంటువు చూసి రాస్తే పాత ఱ (బండి ర) ఉన్న రూపమే ఇవ్వండి. ఇప్పటి రాతలో ర, ఱ కలిసిపోయి వేరే ధాతువులు ఒకటిగా కనబడతాయి.