బాయిలర్ డ్రమ్ ట్యూబ్ హోల్స్ మధ్య లిగమెంట్ (రెండు హోల్స్ మధ్య మిగిలే ప్లేట్), ఏ ఎఫిషియెన్సీ తీసుకోవాలి?

ప్రశ్న: ఏఎస్ఎంఈ సెక్షన్ 1 (బాయిలర్ కోడ్)లో లిగమెంట్ల గురించిన పీజీ-52 చూస్తున్నా. హోల్ 64 మిమీ, పొడవు వైపు పిచ్ (హోల్ సెంటర్ నుంచి పక్క హోల్ సెంటర్‌కి దూరం) 100, అంటే ఎఫిషియెన్సీ (100-64)/100 = 0.36. చుట్టూ పిచ్ 80, అక్కడ 0.20 యే వస్తోంది, ఇక మందం 0.20 తో కట్టాలా? ప్లేట్ మరీ లావైపోతుందండి

జవాబు: అక్కర్లేదండి. ప్రెషర్ వల్ల చుట్టు దిశలో వచ్చే స్ట్రెస్ పొడవు దిశలో దానికి రెట్టింపు కదా, అందుకే చుట్టు లిగమెంట్‌కి సగం బలం చాలంటుంది కోడ్, మీకు 0.36 లో సగం 0.18 కావాలి, 0.20 ఉంది, మందం 0.36 తోనే

ఇంకో జవాబు: ఆ 80 ఎక్కడ కొలిచారు? వంచాక అయితే ప్లేట్ మందం మధ్య గీత మీద తీసుకోవాలి. బయటి కొలతైతే, మధ్యలో 78 కి దిగిందంటే 0.179, ఫెయిలే. హోల్స్ జిగ్‌జాగ్‌గా ఉంటే డయాగనల్ (ఏటవాలు) లిగమెంట్ కూడా చూడండి, చాలామంది అదే వదిలేస్తారు