రెండో అప్పీల్లో హైకోర్టు సాక్ష్యాలు మళ్లీ చూడాలా, వద్దా?

గట్టుతగాదా:
మా పెదనాన్న గారి పొలం గట్టు కేసు. జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఓడిపోయాం, మొదటి అప్పీలూ కొట్టేశారు. కోర్టు పంపిన అడ్వకేట్ కమిషనర్ (స్థలం చూసి రిపోర్టిచ్చే లాయరు) కొలిచి గీసిన ప్లానులో గట్టు జరిపినట్టు స్పష్టంగా ఉంది. రెండు తీర్పుల్లోనూ దాని ఊసే లేదు. లాయరు గారేమో హైకోర్టు వాస్తవాల జోలికి పోదంటున్నారు. మరి పై కోర్టు ఉన్నదెందుకండీ?

నల్లకోటు:
మీ బాధ నిజమే గానీ, చట్టం అలాగే ఉందండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షన్ కింద మొదటి అప్పీల్లో వాస్తవాలూ, చట్టమూ రెండూ వాదించుకోవచ్చు. 100వ సెక్షన్ కింద రెండో అప్పీలుకు మాత్రం ‘సబ్‌స్టాన్షియల్ క్వశ్చన్ ఆఫ్ లా’ (ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న) ఉండి తీరాలి. 1976 సవరణతో వచ్చిన షరతు ఇది. ఏ సాక్షిని నమ్మాలో మూడోసారి కూడా తేల్చాలంటే ప్రతి గట్టు తగాదా అమరావతికో హైదరాబాదుకో చేరుతుంది. గెలిచినవాడు డిక్రీ కళ్ల చూసేదెప్పుడు?

కరీంనగరోడు:
గెలిచినోడి సంగతి సరే సార్. కొన్ని మొదటి అప్పీలు తీర్పులు చూడండి: వాదనలకు నాలుగు పేజీలు, చివర్లో "జోక్యం అవసరం లేదు" అని ఒక్క పేరా. తేల్చాల్సిన అంశాలు, నిర్ణయం, కారణాలు రాయాలని అదే కోడ్ ఆర్డర్ 41 రూల్ 31లో ఉంది కదా? అక్కడ ఆ పని జరగనప్పుడు హైకోర్టే చూడాలి. నా ఓటు దానికే.

నల్లకోటు:
చూడకూడదని ఎవరన్నారు? ముఖ్యమైన సాక్ష్యాన్ని వదిలేసి ఇచ్చిన ఫైండింగ్ (నిర్ధారణ) కూడా చట్టపరమైన ప్రశ్నే అవుతుందని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. దస్తావేజుకు తప్పుడు అర్థం తీసినా అంతే. రికార్డులో తగినంత సాక్ష్యం ఉంటే, కింది కోర్టులు తేల్చని అంశాన్ని 103వ సెక్షన్ కింద హైకోర్టే తేల్చవచ్చు.

కరీంనగరోడు:
అంటే వాస్తవాలు చూస్తారన్నమాట, దొడ్డిదారిన! ఏ ఫైలు లోపలికి పోతుందో, ఏది అడ్మిషన్ (విచారణకు తీసుకోవాలా అని చూసే దశ) దగ్గరే పోతుందో జడ్జిని బట్టి మారుతుంది. నా టెన్షన్ అదే.

నల్లకోటు:
అది కొంతవరకు ఒప్పుకుంటా. గట్టుతగాదా గారూ, కమిషనర్ రిపోర్టు కోర్టు రికార్డులో సాక్ష్యంగా మార్క్ అయిందా?

గట్టుతగాదా:
సి-1గా అయింది. అవతలివాళ్లు అభ్యంతరం కూడా వేయలేదు.

నల్లకోటు:
అయితే సి-1ను అసలు పరిశీలించని తీర్పు చెల్లుతుందా అన్నదే మొదటి ప్రశ్నగా అప్పీలు కారణాల్లో, అంటే గ్రౌండ్స్‌లో రాయించండి. గడువు 90 రోజులు, సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు అందులోంచి మినహాయిస్తారు. కాపీ అప్లికేషన్ వేశారా?