కరినదులా, కఱినదులా?

ఏటిగట్టు:
"...కరినదుల నెరుగుదు" అన్న పాదం ఒకటి కొంతకాలంగా నన్ను వదలడం లేదు. లాంగ్‌స్టన్ హ్యూస్ అన్న అమెరికా నల్లజాతి కవి రాసిన నదుల కవిత "ద నీగ్రో స్పీక్స్ ఆఫ్ రివర్స్"కు ఎవరో చేసిన తెలుగు అనువాదంలో చివరి భాగం అది. మా విశ్వవిద్యాలయంలో ఫిబ్రవరి నెల నల్లజాతి చరిత్ర ఉత్సవాలలో ఆ కవితను ఎవరి మాతృభాషలో వారు చదివే సభ జరుగుతుంది. అక్కడ ఒక తెలుగు విద్యార్థిని చేతిరాత కాగితం చూసి చదువుతుండగా విన్నాను. ఆమె చదువు ముగించుకొని వెళ్లిపోయింది. ఆ కాగితం ఎవరి దగ్గరా దొరకలేదు. "నదుల నెరుగుదు నేను" అన్న ఎత్తుగడా, ఈ చివరి ముక్కా తప్ప నాకు గుర్తు లేవు. "కరినదుల"కు ముందు నాలుగు మాత్రల మాట ఒకటి ఉండాలి. ఈ సంవత్సరం గ్రంథాలయం గోడ మీద ఆ కవిత చివరి పాదాలను మా ప్రాంగణంలో వినిపించే భాషలన్నిటిలో అచ్చు వేయించి పెడుతున్నారు. నేను చెవితో విన్న మాట కనుక అది సాధురేఫమో (ర) శకటరేఫమో (బండి ఱ) తేల్చుకోలేకపోతున్నాను. ఈ అనువాదాన్ని అచ్చులో చూసినవారు ఉన్నారా? లేకపోతే, ఏ అక్షరం వేయడం న్యాయం?

అలఘురేఫ:
అనువాదాన్ని నేను చూడలేదు, కాని అక్షరం విషయంలో సందేహానికి చోటు లేదని నా అభిప్రాయం. నలుపు అన్న అర్థంలో నిఘంటువులు చూపే రూపం కఱి. సాధురేఫతో రాస్తే కరి ఏనుగవుతుంది, నదులు ఏనుగుల నదులవుతాయి. "కరిఁ దిగుచు మకరి సరసికి" అని వినగానే ప్రతి తెలుగువాడి మనస్సులో ఏనుగే కదలుతుంది గాని నలుపు కదలదు. నది తత్సమమే కనుక కఱి అన్న దేశ్యపదంతో మిశ్రసమాసానికి అడ్డేమీ లేదు. కఱినదులు అనే వేయించండి.

దక్షిణతీరం:
అలఘురేఫ గారు నిఘంటువు దగ్గర ఆగిపోయారు. పొరుగు భాష చూస్తే వేరే సంగతి కనబడుతుంది. తమిళంలో నలుపును చెప్పే కరు, కరుమై మాటలలో ఉన్నది సాధురేఫమే. శకటరేఫ ఉన్నది కఱై అన్న మాటలో. దాని మొదటి అర్థం మరక. తెలుగులోనూ కఱ అంటే నలుపూ అవుతుంది, మరకా అవుతుంది. అంటే బండి ఱ వేసిన మరుక్షణం మనం మరకకు ఇరుగుపొరుగు అవుతాం. మేని నలుపును మరకగా చూసిన దేశంలో, ఆ నలుపును నదుల ప్రాచీనతతో సమానంగా నిలబెట్టిన కవితకు ఆ ఛాయ అంటకూడదు. అచ్చులో ఏనుగు కనిపించినా నాకు ఇబ్బంది లేదు, మరక కనిపిస్తే మాత్రం ఉంది.

అలఘురేఫ:
మరక భయం అవసరం లేదు. కఱకంఠుడు అన్న మాటను మన కవులు శివుడికి బిరుదుగానే వాడారు. ఆ కంఠంలోని కఱ లోకాన్ని కాల్చబోయిన విషాన్ని తాను మింగి నిలిపినందువల్ల ఏర్పడింది, అందుకే అది అలంకారమైంది. ఇతరులు పోసిన విషాన్ని తరతరాలుగా గొంతులో నిలుపుకొని పాట పాడిన జాతికి ఇంతకంటే తగిన అక్షరం తెలుగులో ఏది? తమిళ కరు సంగతి నాకూ తెలుసు. అయితే అచ్చు వేస్తున్నది తెలుగు పాదం.

మునిమాపు:
ఇద్దరూ అక్షరం చుట్టూ తిరుగుతున్నారు గాని, మూలంలో ఉన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ ఉన్నది "ఏన్షెంట్, డస్కీ రివర్స్". డస్కీ అంటే మసక నలుపు. అందులో రంగు ఎంత ఉందో పొద్దు అంత ఉంది. కవిత నడక చూడండి: యూఫ్రటీస్‌లో స్నానం చేసింది తెల్లవారుజాములు ఇంకా పసివైన కాలంలో, కాంగో ఒడ్డున గుడిసె వేసుకుంటే ఆ నది జోకొట్టి నిద్రపుచ్చింది, నైలును చూసి పిరమిడ్లు ఎత్తాడు, చివరికి మిసిసిపీ బురద రొమ్ము సూర్యాస్తమయంలో బంగారమైంది. ఆ బంగారం వెనకనే "డస్కీ" వస్తుంది. తెల్లవారుజామున మొదలైన కవిత అస్తమయం దాటి మునిమాపులో ఆగుతోంది. ఇది నా ఊహ మాత్రమే కాదు. 1920లో హ్యూస్ మెక్సికోలో ఉన్న తండ్రి దగ్గరికి రైలులో వెళుతూ, సెయింట్ లూయిస్ దగ్గర పొద్దు గుంకే వేళ మిసిసిపీ వంతెన దాటుతూ ఒక కవరు వెనక దీన్ని రాసుకున్నానని స్వయంగా చెప్పుకున్నాడు. అప్పటికి అతనికి ఇరవయ్యేళ్లు కూడా లేవు. నది దిగువకు అమ్ముడుపోవడం బానిసలకు ఎంత భయంకరమైన శిక్షో ఆ వంతెన మీదనే తలచుకున్నాడు. కఱి గాని కరి గాని ఈ పొద్దును చెప్పలేవు. మునిమాపు నదులు అన్నదే సరైన మాట.

పలికెడిది:
మునిమాపు గారి పరిశీలన చక్కగా ఉంది, నేను కాదనను. అయితే రంగును పూర్తిగా వదులుకుంటే ఆ కవితకు మిగిలేది ప్రకృతి వర్ణన మాత్రమే. నాకైతే ఈ చర్చంతా బమ్మెర పోతన వాకిట్లో జరగవలసినదని అనిపిస్తోంది. "నల్లనివాఁడు పద్మనయనంబులవాఁడు" అని గోపికలు పొదపొదనూ అడుగుతూ తిరిగేటప్పుడు, వెతుకుతున్నవాడికి వాళ్లు చెప్పే మొట్టమొదటి గుర్తు నలుపు. కన్నులు తరువాత, కృప తరువాత, పింఛం ఆ తరువాత, నవ్వు ఇంకా తరువాత. అంత ప్రేమతో నల్లని అన్న మాటను పద్యం తలమీద పెట్టిన కవి ఉండగా, నిఘంటువులో దుమ్ము దులిపి కఱిని తేవలసిన పని ఏమిటి? నల్లని నదులు అంటే చాలు, రేఫ తగాదా కూడా ఉండదు. మరీ సొగసు కావాలంటే కాటుక నదులు అనవచ్చు. "కాటుక కంటినీరు" అన్న చాటువు గుర్తున్నవారికి నదిలో కన్నీరు కూడా వినిపిస్తుంది.

ఇంకొక మాట. రేఫ ఱకారాలను కలిపి ప్రాస వేశాడని లాక్షణికులు, అంటే ఛందశ్శాస్త్రం రాసినవారు, తప్పుపట్టిన మహాకవి పోతనే. ఆ తప్పు పట్టినవారి గ్రంథాలను ఈనాడు పండితులు మాత్రమే తెరుస్తారు, ఆ పద్యాలు మాత్రం బడి ముఖం చూడని ముసలమ్మల నోట కూడా ఉన్నాయి. అలఘురేఫ గారు పోతన పద్యాన్నే సాక్ష్యానికి పిలిచారు గనుక దీన్ని చెప్పవలసి వచ్చింది.

దక్షిణతీరం:
కాటుక వద్దు. కాటుక పెట్టుకునేది, చెరుపుకునేది. ఈ కవితలో నలుపు పుట్టుకతో వచ్చినది, నదితో సమానమైన వయస్సు గలది. పైగా ఆ చాటువులో ఏడుస్తున్నది సరస్వతి. ఈ కవితలో ఎవరూ ఏడవడం లేదు.

చదువరి:
నల్లని అన్న మాటను నేను బలపరుస్తాను, కాని పలికెడిది గారు చెప్పిన కారణానికి కాదు. ఈ ఉత్సవం పేరు మారిన చరిత్రలోనే దీనికి జవాబు ఉంది. నల్లజాతి చరిత్రకారుడు కార్టర్ వుడ్సన్ 1926లో ఫిబ్రవరి రెండవ వారాన్ని ఎంచుకొని మొదలుపెట్టినప్పుడు దానికి నీగ్రో చరిత్ర వారం అని పేరు. ఆ రోజుల్లో గౌరవమైన మాట అదే. దానిలోని మొదటి అక్షరాన్ని పెద్దక్షరంగా వేయాలని పత్రికలతో పోరాడవలసి వచ్చింది, న్యూయార్క్ టైమ్స్ 1930లో గాని అందుకు ఒప్పుకోలేదు. బ్లాక్ అన్న మాట చాలామందికి తిట్టుగా వినిపించిన కాలం అది. హ్యూస్ కవిత 1921 జూన్‌లో నల్లజాతి మేధావి డుబోయిస్ నడిపిన క్రైసిస్ పత్రికలో అచ్చయింది. అరవయ్యవ దశకంలో యువతరం ఆ తిట్టునే తలకెత్తుకొని పేరుగా మార్చుకుంది. ఒహాయో రాష్ట్రంలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆ వారాన్ని నెలగా పెంచాలని 1969 ఫిబ్రవరిలో అధ్యాపకులతో కలిసి ప్రతిపాదించిన విద్యార్థి సంఘం పేరు బ్లాక్ యునైటెడ్ స్టూడెంట్స్. మరుసటి సంవత్సరం జనవరి, ఫిబ్రవరి నెలల్లో అక్కడే తొలి ఉత్సవం జరిగింది. దేశాధ్యక్షుడు ఫోర్డ్ దాన్ని గుర్తించి ప్రకటన చేసింది 1976లో, అంటే విద్యార్థులు చేసి చూపించిన ఆరేళ్లకు. విశ్వవిద్యాలయం గోడ మీద పెట్టే మాట ఆ విద్యార్థులు గెలుచుకున్న మాట కావాలి. తెలుగులో అది నల్లని. డస్కీ అన్నది 1921 నాటి సౌకుమార్యం కావచ్చు. దాన్ని మనం తిరిగి మోయనవసరం లేదు.

మునిమాపు:
చదువరి గారి చరిత్రతో నాకు పేచీ లేదు. కాని కవి రాసిన మాటను తరువాతి కాలపు గెలుపు కోసం మార్చే అధికారం అనువాదకుడికి లేదు. హ్యూస్ నలుపుకు జంకినవాడు కాదు, కావాలనుకుంటే ఆ మాటే వేసి ఉండేవాడు. ఆ పాదంలో అతనికి కావలసినది మేనిరంగూ సాయంకాలమూ కలిసిన ఒకే మాట.

మూసీ ఒడ్డు:
నీగ్రో అన్న మాట వచ్చింది కనుక అడుగుతున్నాను: కవిత పేరులో ఉన్న ఆ మాటను గోడ మీద ఎలా వేస్తున్నారు? మా హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అన్న పేట పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ, అంటే ఆఫ్రికన్ అశ్వదళం వల్ల వచ్చింది. ఆ కుటుంబాలవారిని ఊరిలో హబ్షీలనీ సిద్దీలనీ పిలిచేవారు. ఆఫ్రికా మనిషికి తెలుగు నేల మీద వాడుకలో ఉన్న మాట నీగ్రో కంటే ముందు హబ్షీయే. నదులను ఎరిగినది ఎవరో చెప్పకుండా, ఆ నదుల రంగు గురించి మాత్రమే ఇంత చర్చించడం నాకు వెలితిగా ఉంది.

ఏటిగట్టు:
పేరును మార్చకుండా నీగ్రో అనే ఉంచాలని, దాని కాలాన్ని పక్కన చిన్న అక్షరాలలో చెప్పాలని గ్రంథాలయంవారు అన్ని భాషలకూ ఒకటే నియమం పెట్టారు. హబ్షీ అన్న మాట అబిసీనియా, అంటే నేటి ఇథియోపియా, అరబ్బీ పేరు నుంచి వచ్చింది. ఈ కవితలో ఉన్నవాడు కాంగోనూ మిసిసిపీనీ కూడా తనవిగా చెప్పుకుంటున్నాడు. అందువల్ల ఆ మాట ఇక్కడ సరిపోదనుకుంటాను. మునిమాపు గారూ, మీరు కోరిన రెండర్థాల మాటగా నేను మసక అన్నదాన్ని ఆలోచించి చూశాను. మసకలో చూపు తగ్గడం ఉంది, లోతు లేదు. చామనచాయ అన్నది పెళ్లి ప్రకటనల్లో పడి ఎంత నలిగిపోయిందంటే, ఇక్కడ పెట్టడానికి మనస్సు ఒప్పడం లేదు.

మునిమాపు:
శ్యామ అన్న మాట ఉంది కదా. సంస్కృతంలో శ్యామ నలుపూ, శ్యామా రాత్రీ. శ్యామనదులు అంటే సమాసం కూడా నిర్దోషం.

పలికెడిది:
నిర్దోషమే, కాని చల్లారిన మాట. గొంతెత్తి చదివి చూడండి. ఆ విద్యార్థిని సభలో చదివినప్పుడు ఏటిగట్టు గారి చెవిలో ఇన్నాళ్లు నిలిచిన మాట శ్యామ కాదు, కరి. రెండు లఘువుల ఆ మాటలో ఏదో బలం ఉన్నందువల్లనే నిలిచింది.

అలఘురేఫ:
అంటే ఇప్పుడు పలికెడిది గారు కూడా నా వైపుకు వచ్చారు. అయితే ఇంతసేపూ అందరూ విడిచిపెట్టిన సంగతి ఒకటి ఉంది. ఎరుగుదు అన్న క్రియలోనూ ఉన్నది శకటరేఫమే. పలికెడిది గారి పోతన "నీవే తప్ప నితఃపరం బెఱుఁగ" అన్నప్పుడు ఉన్న ఎఱుగు అదే. అందువల్ల కఱి అని వేసి ఎరుగుదు అని వేస్తే ఒకే పాదంలో రెండు కాలాల లిపి అవుతుంది. వేస్తే "కఱినదుల నెఱుగుదు" అని రెండూ వేయాలి.

చదువరి:
మీ విశ్వవిద్యాలయం ఉన్న చోట పుట్టి వారాంతపు బడిలో తెలుగు నేర్చుకున్న పిల్లలకు ఱ అన్న అక్షరం వరుసలో చూపిస్తారేమో గాని, చదవడం అలవాటు చేయరు. గోడ ముందు నిలబడే తెలుగువారిలో వాళ్లే ఎక్కువ. ఒక పాదంలో రెండుచోట్ల తడబడితే కవిత ఏం చేరుతుంది?

అలఘురేఫ:
తెలియని అక్షరం ముందు ఆగి పక్కవారిని అడగడం కూడా చదువే. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక్క ఏడాది చదివి, అక్కడి వివక్ష భరించలేక వెళ్లిపోయిన హ్యూస్, తరువాత పెన్సిల్వేనియాలోని లింకన్ విశ్వవిద్యాలయంలో, నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన చోట, 1929లో పట్టం పుచ్చుకున్నాడు. విశ్వవిద్యాలయం గోడ సులువుగా ఉండాలన్న నియమం అతని జీవితంలో ఎక్కడా లేదు.

దక్షిణతీరం:
ఎఱుగు విషయంలో అలఘురేఫ గారితో ఏకీభవిస్తాను, కఱి విషయంలో కాదు. కాని నన్ను ఇప్పుడు వేధిస్తున్నది ఆ క్రియకు వేసిన కాలం. మూలంలో ఉన్నది గడిచి ఇప్పటికీ నిలిచిన ఎరుక. ఎరిగితిని అంటే అయిపోయినట్టు ఉంటుంది. ఆ అమ్మాయి చదివిన అనువాదంలో ఎరుగుదు అని తద్ధర్మార్థకం ఉంది. ఏ కాలానికీ కట్టుబడని రూపం అది, యూఫ్రటీస్‌కూ మిసిసిపీకీ ఒకే మనిషి సాక్షిగా నిలబడాలంటే అదొక్కటే పనికివస్తుంది. కరినదుల సంగతి ఎలా తేలినా ఎరుగుదు అన్న మాటను మాత్రం ఎవరూ తెలుసు అని దిద్దకుండా చూడండి.

పలికెడిది:
తద్ధర్మమే అయితే ఎరుగుదును అని పూర్తిగా ఉండాలి కదా. చివరి ను ఆమె వదిలిందా, ఏటిగట్టు గారి చెవి వదిలిందా? అది తేలితే ఛందస్సు తెలుస్తుంది. ఛందస్సు తెలిస్తే కరినదులకు ముందు పోయిన ఆ నాలుగు మాత్రల మాట ఆదిమ అవునో కాదో చెప్పగలను.